నీడ ఉన్న వైపు మండపం

ఆ రోజుల్లో నేను పొద్దున లేచేసరికే అలసిపోయి ఉండేదాన్ని. పని చేసేవాళ్ళు సాయంత్రానికి అలసిపోతారు. చేయాల్సినవన్నీ ఒక్కసారే గుర్తొచ్చి, ఏది ముందో తేలక మంచం మీదే కూర్చుండిపోయేవాళ్ళు పొద్దున్నే అలసిపోతారు. నాది రెండో రకం. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ళ సందు దాటాక, ఒక బట్టల అంగడి మేడ మీద నాకో బ్యూటీ పార్లరు ఉండేది. (ఇప్పటికీ ఉంది. ఎలా ఉందని అడగకండి, నాకూ ఆశ్చర్యమే.) పార్లరు కుదురుకోకముందే పెళ్ళికూతుళ్ళకు అద్దె నగలు ఇవ్వడం మొదలుపెట్టాను. అది కుదురుకోకముందే జాకెట్లకు మగ్గం పని ఒప్పుకున్నాను. అది సగంలో ఉండగా మెహందీ నేర్పబడునని బోర్డు రాయించాను. బోర్డు తయారై వచ్చేసరికి మెహందీ మీద మనసు పోయింది. దాన్ని తిరగేసి చాలా కాలం ఇస్త్రీ బల్లగా వాడుకున్నాం. తాళంచెవి ఇంట్లో మరిచి అంగడికి వెళ్ళడం, చెవి కోసం మళ్ళీ ఇంటికి రావడం, వచ్చినదాన్ని అమ్మతో మాటల్లో పడి టీ తాగి చెవి లేకుండానే తిరిగి వెళ్ళడం నాకు మామూలే. కింద అంగడాయన నన్ను చూసి నవ్వడం కూడా మానేశాడు.

చిన్నప్పటి నుంచి నేను ఎక్కువగా విన్న మాట ఒకటుంది. "చెప్పినా గదా" అని. అమ్మ ఉప్పు తెమ్మంటే అంగడి దాకా వెళ్ళి, అక్కడ కొత్తగా వచ్చిన రిబ్బన్లు చూసి, ఏం తెమ్మన్నదో అడగడానికి ఉత్త చేతులతో తిరిగొచ్చేదాన్ని. "చెప్పినా గదమ్మే, చెవులు యాడ పెట్టుకున్యావు?" అనేది. బడిలో అయ్యవారు అదే అన్నారు. పార్లరు పెట్టాక గిరాకీలు అదే అన్నారు, కాస్త మర్యాదగా. వినీ వినీ నేనో తెలివైన పద్ధతి కనిపెట్టాను. ఏదైనా మరిచిపోతే రెండోసారి అడగకూడదు. ఎదుటివాళ్ళ ముఖం చూసి, మాటల్లోంచి ఏరుకుని, ఊహించుకుని నెట్టుకురావాలి. పేర్లు అసలే గుర్తుండేవి కావు గనుక పెళ్ళికూతుళ్ళందరినీ "బంగారూ" అని పిలిచేదాన్ని. ఎంత ప్రేమగా పిలుస్తుందో అని జనం మురిసిపోయేవాళ్ళు. లోపల నేను ఆ పిల్ల పేరు కోసం వెతుక్కుంటూ ఉండేదాన్ని.

ఇలాంటి నాకు ఒక పెద్ద ఆర్డరు వచ్చింది. పులివెందుల దగ్గర అరటి తోటలున్న రైతు కుటుంబం, వాళ్ళ అమ్మాయి పెళ్ళి. అబ్బాయిది జమ్మలమడుగు, మగపెళ్ళివాళ్ళ ఊళ్ళోనే ముహూర్తం. మాటలన్నీ ఫోన్లోనే జరిగాయి, పిల్ల ఫొటో పంపారు. ఈ ఒక్క పెళ్ళి బాగా చేస్తే పులివెందుల వైపు బంధువర్గమంతా నా దగ్గరికే వస్తుంది. చెడితే ఏమవుతుందో అమ్మ ముందే చెప్పింది. "ఇదన్నా సరింగా చెయ్యి. లేకుంటే ఆ అంగడికి తాళమేసి ఇంట్లో కూచో. నీతో యాగలేక శానా అలసిపోయినాను" అంది. అమ్మ గొంతులో కోపం లేదు, అందుకే భయమేసింది. నన్ను నమ్మడంలో ఆమె కూడా అలసిపోయిందని అప్పుడే తెలిసింది.

నాకు సాయంగా ఉండేది ఖాలా, అంటే ఉర్దూలో పిన్నమ్మ. మా వీధి చివర ఉండే ముసలామె, కొడుకు కువైట్‌లో డ్రైవరు. పూలజడ కుట్టడంలో ఆమె చేయి గొప్పది, నోరు అంతకంటే పెద్దది. ఆ రోజు ఖాలా పూలజడను ఒళ్ళో పెట్టుకుని బస్సులో బయలుదేరింది. స్కూటీ మీద తీసుకుపోతే జమ్మలమడుగు చేరేసరికి గాలికి జడ మిగలదు, దారం మిగులుతుంది. నేను నగల పెట్టె, మేకప్ పెట్టె స్కూటీ ముందు పెట్టుకుని, ఫోను డిక్కీలో పడేసి వెళ్ళాను. దారి పొడవునా పెళ్ళికూతురి ముఖం మీద ఏ బొట్టు నప్పుతుందా అని ఆలోచించాను. మంచి ఆలోచనే, కానీ అందులో పడి మండపం పేరు జారిపోయింది. బస్టాండు దాటాక రోడ్డు పక్కన అని మాత్రం గుర్తుంది. ఆ రోడ్డుకు అటొకటి ఇటొకటి, ఎదురుబొదురుగా రెండు కల్యాణ మండపాలు ఉన్నాయి. రెండింటికీ అరటి చెట్లు కట్టారు, రెండింట్లోనూ మేళం మోగుతోంది. ఒక దాని ముందు వేపచెట్టు నీడ ఉంది. నేను స్కూటీ నీడలో ఆపాను. ఆపిన వైపే లోపలికి వెళ్ళాను. ఎవరైనా అడిగితే చెప్పడానికి అంతకంటే కారణం లేదు.

లోపల గదిలో ఒక పిల్ల కూర్చుని ఉంది. ఒకామె తల దువ్వుతోంది, పిన్నమ్మట. నా పెట్టెలు చూసి ఆమె దువ్వెన పక్కన పెట్టి లేచి నిలబడి, "రాండమ్మా, కూచోండి" అంది. పెళ్ళికూతురు వంకాయ రంగు చీరలో ఉంది. ఆకుపచ్చ చీర అన్నారు కదా అనుకున్నాను. వెంటనే, మార్చినట్టు ఫోన్లో చెప్పి ఉంటారు, నేనే మరిచిపోయి ఉంటానని సర్దుకున్నాను. ఫొటోలో పిల్ల ఇంకా తెల్లగా ఉంది. ఫొటోల సంగతి నాకు తెలియనిదా అనుకున్నాను. ఫొటోలో ముక్కుకు కుడివైపు ముక్కుపుడక ఉంది, ఈ పిల్లకు ఎడమవైపు. (దానిక్కూడా సెల్ఫీలో అన్నీ తిరగబడతాయని నాకు నేనే చెప్పుకున్నాను. మనిషి తనను తాను ఇంతగా అనుమానించుకుంటే ఇక కళ్ళతో పనేముంది?) ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది. అడిగితే "చెప్పినాం గదమ్మా" అంటారు. ఆ మాట మా అమ్మ దగ్గర వింటే చాలు, పులివెందుల వాళ్ళ నోట కూడా వినాలా అనుకున్నాను.

ఇక వాళ్ళెందుకు అడగలేదన్నది నాకు తర్వాత తెలిసింది. వాళ్ళది ముద్దనూరు పక్క పల్లె, పత్తి చేసుకునే చిన్న కుటుంబం. బ్యూటీషియన్‌ను పిలిచే ఆలోచనే వాళ్ళకు లేదు. నన్ను చూసి మగపెళ్ళివాళ్ళు మర్యాదకు పంపించారనుకున్నారు. మగపెళ్ళివాళ్ళ వైపు మేనత్త ఒకామె తలుపు దగ్గరికొచ్చి తొంగి చూసి, ఆడపెళ్ళివాళ్ళు తెచ్చుకున్నారనుకుంది. వియ్యాలవారి దగ్గర "ఈమెను మీరు పిలిపించినారా?" అని ఎవరడుగుతారు? పిలిపించకపోతే అవతలివాళ్ళకు తలవంపులు, పిలిపించి ఉంటే ఇవతలివాళ్ళకు అనుమానపు పేరు. కాబట్టి మేనత్త "బాగుంది, బాగుంది" అంది. పిన్నమ్మ "అంతా మీ దయ" అంది. నాకు బొరుగుల ఉగ్గాని, బజ్జీలు, వాటి మీద కాఫీ వచ్చాయి. పులివెందుల వాళ్ళు ఎంత నిదానస్తులో అనుకుంటూ తిన్నాను.

తిన్నాక పనిలో పడ్డాను. నా బుర్రకు ఒక గుణం ఉంది. పది పనులుంటే ఒక్కటీ చేయదు, నచ్చిన ఒక్కటి దొరికితే మిగతా లోకాన్ని ఆర్పేస్తుంది. ఆ పిల్ల ముఖం నచ్చింది. పెద్ద కళ్ళు, ఎండకు కమిలిన బుగ్గలు, ఒక్క మాటా మాట్లాడని నోరు. "పైకి చూడు బంగారూ", "కళ్ళు మూసుకో బంగారూ" అంటే చెప్పినట్టల్లా చేసింది. ఆ రోజు చేసినంత బాగా నేను అంతకు ముందెప్పుడూ చేయలేదు, ఆ తర్వాత కూడా చేశానో లేదో చెప్పలేను. ఖాలా ఇంకా రాలేదేమని మాత్రం రెండుమూడు సార్లు అనుకున్నాను, బస్సు ఆలస్యమై ఉంటుందని ఊరుకున్నాను. చివర్లో నగల పెట్టెలోంచి వడ్డాణం తీసి నడుముకు పెట్టాను. అది నా దగ్గరున్న వాటిల్లో మంచిది, పులివెందుల పెళ్ళికూతురు ఫోన్లో ఏరికోరి అడిగింది. అద్దంలో చూసుకుని ఆ పిల్ల ఊపిరి బిగబట్టింది. పిన్నమ్మ కళ్ళు తుడుచుకుంది. తలుపు దగ్గర మేనత్త వెనక్కి తిరిగి ఎవరితోనో, "మనం అడగకపోయినా వడ్డాణం పెట్టినారు సూడు" అంది. నేను బొట్టు దిద్దడంలో ఉండి ఆ మాటను పట్టించుకోలేదు.

అప్పుడు చెట్టు కింద నా స్కూటీ చూసి ఖాలా లోపలికి వచ్చింది. చేతిలో పూలజడ లేదు, ముఖంలో రక్తం లేదు. నన్ను బయటికి లాగి గొంతు తగ్గించి, "యా అల్లా, ఈడ ఏం చేస్తాండావు మ్మే? పెండ్లికూతురు ఆడ ఎదురు మండపంలో కూచోనుంది. వాళ్ళమ్మ నన్ను నమిలి మింగుతాంది. నీ ఫోను యాడ?" అంది.

"డిక్కీలో" అన్నాను.

"మరి ఈ పిల్ల ఎవురు?"

నాకు తెలియదు. పొద్దున్నుంచి ఆ పిల్ల కళ్ళకు కాటుక దిద్దాను, ఆమె ఎవరో నాకు తెలియదు. అమ్మ ముఖం, అంగడి తాళం రెండూ కళ్ళ ముందు కనబడ్డాయి. వడ్డాణం కోసం గదిలోకి తిరిగి వెళ్ళాను. ఎదుటి మండపంలో దాన్ని అడిగిన పిల్ల ఎదురుచూస్తోంది, మేళం వాళ్ళు అప్పటికే గట్టిగా ఊదుతున్నారు. పెళ్ళికూతురు నా ముఖం చూసింది. తలుపు దగ్గర మేనత్త ఇంకో ఇద్దరు ఆడవాళ్ళను పిలుచుకొచ్చి చూపిస్తోంది. ఆ పిల్ల చేయి మెల్లగా నడుము దగ్గర కొక్కెం మీదికి పోయింది.

"తీసేదా అక్కా?" అంది, నాకు మాత్రమే వినపడేట్టు.

ఆ పొద్దున ఆమె మాట్లాడిన మొదటి మాట అది. "వద్దు బంగారూ, ఉండనీ. తర్వాత వచ్చి తీసుకుంటాలే" అని పెట్టెలెత్తుకుని రోడ్డు దాటాను.

ఎదుటి మండపంలో జరిగింది వివరంగా చెప్పే ఓపిక ఇప్పటికీ లేదు. పెళ్ళికూతురు ఆకుపచ్చ చీర కట్టుకుని, జడ కూడా ఖాలా చేత వేయించుకుని సగం తయారై ఉంది. నేను దాచకుండా అంతా చెప్పేశాను. పెళ్ళికూతురి తల్లి నా ఎదురుగా నిలబడి, "నీకు నోరు లేదా మ్మే? నువ్వెవురి బిడ్డవు అని ఒక్క మాట అడగనీకి ఏం పొయ్యింది నీకు?" అంది. పెళ్ళికూతురే విసుగ్గా, "అమ్మా, నువ్వు తర్వాత తిట్టుకో. అక్కా, ముందు నా కండ్లకు ఏదో ఒకటి చెయ్యి, నీళ్ళొస్తాండాయి" అంది. ఏదో ఒకటి చేశాను. వడ్డాణం లేకుండానే ఆ పిల్ల పీటల మీద కూర్చుంది. పెళ్ళి ఆగలేదు, కానీ పులివెందుల దారి నాకు ఆ రోజే మూసుకుపోయింది. తర్వాత చాలా కాలం ఆ వైపు నుంచి ఫోన్లు రాలేదు. జమ్మలమడుగు వైపు నుంచి మాత్రం వచ్చాయి. వచ్చిన ప్రతివాళ్ళూ "మా మండపానికే వస్తావు గదా?" అని నవ్వి మరీ అడిగేవాళ్ళు. అంగడికి తాళం పడకుండా కాపాడింది ఆ నవ్వులే. అమ్మ మాత్రం నవ్వలేదు. కంచంలో అన్నం పెట్టి, "తిను" అని ఊరుకుంది.

తాళి కట్టడం అయ్యాక వడ్డాణం కోసం వేపచెట్టు మండపానికి వెళ్ళాను. ఆ పిల్ల గదిలో ఒంటరిగా కూర్చుని, దాన్ని తమలపాకులతో పాటు ఒక రవిక గుడ్డలో చుట్టి పెట్టి ఉంచింది. మీ వాళ్ళది పొరపాటు కాదు, నాదే పొరపాటు అని నేనేదో మొదలుపెట్టాను. ఆమె వినిపించుకోలేదు.

"నువ్వు మాకోసం వచ్చినదానివి కాదని నాకు తెలుసక్కా. నువ్వు పెట్టె తెరిచినప్పుడే తెలుసు. మావాళ్ళకు అంత యాడిది?" అంది.

"మరి అడగలేదేం బంగారూ?"

"అడిగితే నువ్వు పోతావని."

ఆ మూట పట్టుకుని చెట్టు కింద స్కూటీ దగ్గరికి వచ్చాను. ఖాలా తిట్టడం ఆపి, నా చేతిలోని తమలపాకులు తీసుకుని నమలడం మొదలుపెట్టింది.

ఇదంతా జరిగిన చాలా ఏళ్ళకు, బడిలో కుదురుగా కూర్చోవడం లేదని మా పాపను తిరుపతిలో ఒక డాక్టరమ్మకు చూపించాను. ఆమె పాపను అడగాల్సిన ప్రశ్నలు అడిగి, ఆ తర్వాత నా వైపు తిరిగి అవే నన్నూ అడిగింది. దీన్ని ఏడీహెచ్‌డీ అంటారమ్మా, మనసు ఒకచోట నిలవకపోవడం, పుట్టుకతో వచ్చేది, మీ ఇద్దరికీ ఉంది అంది. బస్సులో తిరిగొస్తూ ఏడ్చాను. బాధతో కాదు. ఇన్నాళ్ళూ సోమరితనం, పొగరు, లెక్కలేనితనం అని నేను మోసిన మూటకు వేరే పేరుందని తెలిసినందుకు. పేరు తెలిసినంత మాత్రాన తాళంచెవి జేబులోకి వచ్చి కూర్చోదు, ఆ సంగతీ చెప్పాలి. మాత్రలు వేసుకోవాలని గుర్తుంచుకోవడం ఇంకో పని అయింది. ఇప్పటికీ పొద్దున్నే అలసిపోతాను. ఫోన్లో అలారాలు మోగుతుంటాయి, ఏది దేనికో తెలియక అన్నీ ఆపేస్తుంటాను. అంగడి మాత్రం నడుస్తోంది.

ఒక్కటి మారింది. పోయిన ముహూర్తాల్లో ఎర్రగుంట్లలో ఒక పెళ్ళికి వెళ్ళాను. పెట్టె తెరవకముందు పేరు అడిగాను. తెరిచాక అడిగాను. కాటుక దిద్దుతూ, అబ్బాయి ఊరేది, నువ్వెవరి బిడ్డవు అని మళ్ళీ అడిగాను. పెళ్ళికూతురు కళ్ళు మూసుకునే, "ఇందాకే చెప్పినా గదక్కా" అంది.

"మరిచిపోయినా. మళ్ళీ చెప్పు బంగారూ" అన్నాను.

అనడం ఇంత సులభం. నీడలో స్కూటీ ఆపిన ఆనాటి నాకు ఈ మాట వచ్చి ఉంటే పులివెందుల దక్కేది, అమ్మ ఒక పూట మురిసేది. అనుకుంటాను, అనుకుని మళ్ళీ ఆగిపోతాను. ఆ మాటే వచ్చి ఉంటే ముద్దనూరు పిల్ల నడుముకు ఆ ఒక్క పూటా వడ్డాణం ఉండేది కాదు. దాన్ని ఇంతవరకూ ఇంకెవరికీ అద్దెకివ్వలేదు. ఎక్కడ పెట్టానో మాత్రం అడగకండి.