పలక మీద అత్త ముగ్గు

మా పక్కింటి డ్రాయింగ్ సారు ఇక లేరన్న సంగతి నాకు బేస్తవారిపేట సువార్త కూటాల పందిట్లో తెలిసింది. ఇంకాసేపట్లో మైకు నా చేతికి వస్తుందనగా మా వీధిలో పాలు పోసే ఆమె ఫోన్ చేసింది. "అన్నా, సారు కుర్చీలో కూచున్నోడు కూచున్నట్టే ఉండాడు. పిలిస్తే పలకల్యా. ఒళ్లంతా చల్లగుండాది," అంది. ఆ పూట నేను చెప్పవలసింది మరణపు ముల్లు విరిగిన సంగతి. ఎన్నో ఊళ్లలో గొంతు చించుకొని చెప్పినదే. పక్కనున్న సోదరుణ్ణి చెప్పమని గిద్దలూరు బస్సెక్కాను. అక్కడ బస్సు మారి, కొమరోలు దాటి మా ఊరు చేరేసరికి ఆయన్ని చేనికి తీసుకుపోవడానికి పాడె కడుతున్నారు. పశువుల కొట్టంలో ఆయన మిషను మీద నల్లటి పలక బిగించినది బిగించినట్టే ఉంది. దాని మీద ఒక్క గీత కూడా పడలేదు.

ఈ నాలుగు మాటలు చదివే మీలో ఆయన్ని ఎరిగినవారు తక్కువ. బడిలో డ్రాయింగ్ చెప్పి రిటైరయ్యారు. సేద్యం ఇంట్లో పుట్టినవారు, ఇంటి ముందు తులసికోట ఉన్నవారు. నేను ఏ బైబిలు కాలేజీ గడపా తొక్కకుండా నా అంతట నేను చదువుకొని వాక్యం చెప్పుకునేవాణ్ణి, పెళ్లి పెటాకులు లేనివాణ్ణి. నేను ఉంటూ ప్రార్థన జరిపే రేకుల షెడ్డుకూ ఆయన కొట్టానికీ మధ్య ఒకటే గోడ. వరసకు ఏమీ కాకపోయినా నేను మామా అనేవాణ్ణి, ఆయన అల్లుడా అనేవారు. ఆయన్ని ప్రభువు దగ్గరికి తేవాలని నేను పడని తిప్పలు లేవు. "నీ దేవుడు మంచోడే లే అల్లుడా. నీ గొంతే కొంచెం కష్టం," అనేవారు.

అత్త, అంటే ఆయన భార్య, ఉన్నన్నాళ్లూ ఆ గడప ముందు ముగ్గు లేని రోజు లేదు. బియ్యప్పిండితోనే వేసేది. సున్నప్పిండి వేస్తే చీమలేం తింటాయని అడిగేది. ఎక్కడా తెగని మెలికల ముగ్గు అది. బయలుదేరిన చోటికే గీత తిరిగి రావాలి. ఆమె కళ్లాపి చల్లి ముగ్గు వేస్తుంటే సారు చెంబు పట్టుకొని పక్కన నిలబడేవారు. ఆమె పోయింది. మగవాడు ముగ్గు వెయ్యడం మా వైపు లేదు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు మేమేస్తామంటే ఆయన వద్దన్నారు. జీవితమంతా పిల్లల చేత బొమ్మలు గీయించిన మనిషి గడప ముందు మట్టి బోసిగా పడి ఉండేది.

ఆమె ముగ్గుకు ఫొటో ఒక్కటే ఉంది ఆయన ఫోన్లో. దాన్ని చూసి కంప్యూటర్లో గీసుకున్నారు. చెక్కడానికి ఆ మిషను పెట్టుకున్నారు. సీఎన్సీ రూటర్ అంటారు దాన్ని. చూడటానికి పెద్ద బల్ల. బల్ల మీద అడ్డంగా ఒక చెయ్యి, ఆ చేతికి డ్రిల్లు లాంటి కోసే మోటారు. చెయ్యి ముందుకూ వెనక్కూ పోవడానికి ఒక మోటారు, డ్రిల్లు కుడి ఎడమలకు జరగడానికి ఒకటి, పైకీ కిందికీ దిగడానికి ఇంకొకటి. కంప్యూటర్లో ఏ గీత ఉంటే ఆ గీతే చెక్కుతుంది. భాష తెలియని వీడియోలు చూసి, విడి భాగాలు తెప్పించి, ఆయనే బిగించుకున్నారు. మార్కాపురం నుంచి పలక బండలు తెచ్చారు. అత్త ముగ్గును చెక్కి గడప ముందు పాతుకోవాలి. అంతకుమించి ఆయనకు ఆ మిషనుతో పని లేదు.

గీత కలవలేదు. మొదటి పలక మీద చివరి కొస మొదటి కొసకు వేలెడంత దూరంలో ఆగింది. రెండో పలకా అంతే. పై మెలిక దాకా బాగానే పోయేది, అక్కడ గరగరమని మోటారు ఒక్క క్షణం తడబడేది, ఆ తర్వాత ముగ్గంతా పక్కకు జరిగిపోయేది.

ఊళ్లోవాళ్లు ఓల్టేజీ అన్నారు. మా పక్కన అంతే. కోడి గుడ్డు పెట్టకపోయినా ఓల్టేజీ మీదికే తోస్తాం. చేలకు కరెంటు వచ్చిందంటే, ఆటో స్టార్టర్లు పెట్టిన బోర్లన్నీ ఒక్కసారే లేస్తాయి, ఊళ్లో లైట్లు కళ్లార్పుతాయి. కాబట్టి తప్పు బోర్లదేనని ఊరంతా తీర్పిచ్చింది. సారు స్టెబిలైజరు పెట్టారు. చేలకు కరెంటు లేని పూట చూసి నడిపారు. ఎన్నో నెలలు ఆ తీర్పునే నమ్మారు. గీత కలవలేదు.

తర్వాత అనుమానం నా మీదికి వచ్చింది.

"అల్లుడా, ఒక్క ఆదివారం మైకు లేకుండా చెప్పు."

నాకు మండింది. "ఏంది మామా, నా మైకు మీ మోటారుకు అడ్డమొచ్చిందా? కేకలేస్తే కోటగోడలే కూలినాయని గ్రంథంలో ఉంది."

"అందుకే భయం. నా గోడ గూడా పాతదే."

ఆ ఆదివారం మైకు లేకుండానే చెప్పాను. ఎన్నడూ మా షెడ్డు వైపు రాని మనిషి, వాక్యం ముగిశాక వచ్చి, చివరి ప్రార్థన అయ్యేదాకా గుమ్మం బయట నిలబడి ఉన్నారు. "కేసు కొట్టేసినా. నీ మైకు తప్పేం లే, గీత మళ్ల తప్పింది. అయినా నువ్వు చెప్పిందంతా కొట్టంలోకి ఇనపడింది గదా, నీకు మైకెందుకు?" అన్నారు.

ఇది సాతాను పని అన్నాను. "సాతానుకు నా ముగ్గుతో ఏం పనిరా? వాడికి వేరే ఊళ్లల్లో బోలెడు పని," అన్నారు. ఉపవాసముండి ప్రార్థన చేస్తానంటే, "చెయ్యి. కానీ రేప్పొద్దున తీగలు చూసే మీటరు పట్టుకునేదానికి గూడా రా," అన్నారు.

మేమిద్దరం ఆ కొట్టంలో కూర్చోవడం అలా మొదలైంది. నేను వందమందికి చెప్పి వచ్చే మనిషిని. ఇంటికొస్తే మాట్లాడటానికి గోడ తప్ప ఏదీ లేదు. ఆ గోడకు అవతల ఇంకొక మనిషి కూడా అలాగే కూర్చుని ఉంటాడన్న ఆలోచన నాకు అంతకుముందు రాలేదు.

ఇల్లాలు దీపం వెలిగించి, ఇల్లు ఊడ్చి, పోయిన నాణెం వెతుక్కున్న కథ చెప్పాను ఒకరోజు. ఆయనకు నా బోధలన్నిట్లో అదొక్కటే నచ్చింది. "ఆ యమ్మ తెలివిగలది. ఒక మూల నుంచి ఊడ్చుకుంటా వచ్చింటాది. మనమే నడిమింట్లో గంతులేసినాం," అన్నారు. ఆ రోజు నుంచి ఆయన కూడా ఒక మూల నుంచే వెతకడం పట్టుకున్నారు. ఆయన మాటలు రెండు నాకు నోటికి వచ్చేశాయి. ఒకటి, "ఒకేసారి రెండు మార్చబాక. ఏది బాగుచేసిందో తెలీదు." రెండోది, స్విచ్చి ఆపగానే నేను తీగ పీకబోతే చెప్పింది: "ఆగాల. కరెంటు తీసినంక గూడా దాని కోపం తగ్గేదాకా కాసేపుంటది." నేను కూటాల నుంచి ఎర్రబడ్డ కళ్లతో వచ్చినప్పుడు కూడా అదే మాట అని, మంచినీళ్లు ఇచ్చి, నన్నేమీ అడగకుండా కూర్చునేవారు.

ముందు మోటార్లకు కరెంటు పంపే కంట్రోలు పెట్టె దగ్గర రెండు మోటార్ల తీగలు ఇటుది అటు మార్చి చూశారు. పెట్టెలో లోపముంటే తడబాటు రెండో మోటారుకు మారాలి. మారలేదు. డ్రిల్లును కుడి ఎడమలకు జరిపే మోటారే మళ్లీ తడబడింది. అంటే పెట్టె మంచిదే. లోపం ఆ మోటారులోనో, దానికి వచ్చే తీగలోనో ఉంది.

మోటారు విప్పి నా చేతిలో పెట్టారు. "ఇరుసు తిప్పు," అన్నారు. వేళ్లతో తిప్పితే సులువుగా తిరిగింది. దాని నాలుగు తీగల్లో రెండింటిని మెలిపెట్టి కలిపారు. "ఇప్పుడు తిప్పు." బిగుసుకుంది. కరెంటు లేదు, ఏమీ లేదు, అయినా లోపల ఎవరో నా వేళ్లను పట్టుకొని ఆపుతున్నట్టుంది. తీగలు విడదీస్తే మళ్లీ వట్టిగా తిరిగింది. మిగిలిన జతనూ అలాగే చూశాం. "లోపలి రాగి చుట్టలు బాగుండాయి. మోటారు తప్పేం లే," అన్నారు. పరీక్ష అయిపోయింది. ఆయన మాత్రం ఆ మోటారు కింద పెట్టలేదు. తీగలు కలపడం, తిప్పడం, విడదీయడం, మళ్లీ కలపడం.

ఇక తీగ మిగిలింది. చెయ్యి వెంట పోయే తీగల కట్ట అది. చెయ్యి బల్ల చివరికి పోయినప్పుడు ఒక చోట బాగా మడత పడుతుంది. నేను మీటరు ముళ్లు రెండు కొసలకూ ఆనించి పట్టుకున్నాను. తీగ బాగుంటే మీటరు కీమంటుంది. కీమంటూనే ఉంది. సారు తీగను జానెడు జానెడు చొప్పున వంచుకుంటూ వచ్చారు. మడత పడే చోట వంచగానే కూత ఆగింది. వదిలితే వచ్చింది. వంచితే ఆగింది. పైన నల్లటి తొడుగు మీద గీత కూడా లేదు, లోపల రాగి తెగి ఉంది.

నాకు ఊపొచ్చింది. "చూశారా మామా, ఇదే సున్నం కొట్టిన సమాధి అంటే. పైకి నున్నగా ఉంటుంది, లోపలంతా..."

"తీగను తిట్టబాక అల్లుడా," అన్నారు. "వంగీ వంగీ తెగింది. రోజూ పనిచేసే చోటే తెగుద్ది." ఆ మడతను బొటనవేలితో నిమిరి, "మీ అత్త నడుం గూడా అంతే," అన్నారు.

వేషధారుల మీద నేను చాలా ప్రసంగాలు చేశాను. ఆ రోజు తర్వాత చేసినవి మునుపటిలా లేవు.

కొత్త తీగ వేశారు. డ్రిల్లు తీసి, దాని చోట పెన్ను కట్టి, కాగితం మీద గీయించారు. పై మెలిక దగ్గర చెయ్యి బల్ల చివరిదాకా పోయింది. గరగర లేదు. మెలికలన్నీ తిరిగి, గీత వచ్చి తన మొదటి కొస మీదే ఆగింది. సారు కళ్లజోడు తీసి, బయటికి పోయి, తొట్టి దగ్గర ముఖం కడుక్కొని వచ్చారు.

"పలక మీద ఇప్పుడే చెక్కండి మామా," అన్నాను.

"నువ్వు కూటాలకు పోయి రా. పలక కోసేటప్పుడు దుమ్ము లేవకుండా నీళ్లు పొయ్యాల. మీ అత్తకు చెంబు పట్టుకునేదానికి నేనుండేటోణ్ణి. నాకు గూడా ఒకరుండాల గదా."

నేను బేస్తవారిపేట పోయాను. ఆయన పలక బిగించి పెట్టుకొని కూర్చున్నారు.

దినాలయ్యాక కంభం నుంచి వచ్చిన ఆయన తమ్ముడు ఇల్లు సర్దుతూ కొట్టంలోకి వచ్చారు. "ఏందయ్యా ఇది, మగ్గమా?" అన్నారు. చెప్పాను. ఆయన పలక వైపు చూసి, "ఆడదిక్కు పాయ, మగదిక్కు గూడా పాయ. తాళం వెయ్యబోయే ఇంటికి ముగ్గు ఎవురి కోసమయ్యా?" అన్నారు. "మీరు చెంబెడు నీళ్లు పట్టుకొని నిలబడండి, చాలు," అన్నాను.

సారు పోయిన రోజు ఎవరో మెయిన్ స్విచ్చి ఆపేశారు, మిషను తన మొదటి చోటు మరిచిపోయింది. దాన్ని మళ్లీ చూపించడానికి డ్రిల్లు ముల్లును పలక మీదికి దించేటప్పుడు కింద కాగితం పెట్టి, అది బిగుసుకోబోయే చోట ఆపాలి. సారు అలాగే చేసేవారు. జేబులో కూటాల కరపత్రం ఉంటే దాని అంచు చింపి పెట్టాను. స్టార్టు నొక్కాను. తమ్ముడు చెంబు వంచారు. పై మెలిక వచ్చినప్పుడు నేను ప్రార్థన చేయడం కూడా మరిచి మోటారు చప్పుడే విన్నాను. చప్పుడు మారలేదు. గీత వచ్చి కలిసింది.

తమ్ముడు తడి పలకను తువ్వాలుతో తుడిచి, వంగి చూసి, "మా వదినదే. ఈ ఎడమ మెలిక కొంచెం వాలి ఉంటది, చూడు," అన్నారు. ఆ తర్వాత ఎవరి కోసమని అడగలేదు. ఇద్దరం కలిసి గడప ముందు సిమెంటుతో పాతాం. ఆయన తాళం వేసుకొని కంభం వెళ్లిపోయారు.

మొన్న పొద్దున గోడ దాటి చూస్తే దుమ్ము పడి గీతలు మాసి ఉన్నాయి. పలక కడిగాను. మా ఇంట్లోకి పోయి గుప్పెడు బియ్యప్పిండి తెచ్చాను. ముగ్గు వెయ్యలేదు, ఆ పని నాది కాదు. ఉన్న గీతలో పిండి రాల్చి పక్కన కూర్చున్నాను. కాసేపటికి ఒక చీమ వచ్చింది. గీత వెంట పోయింది. వాలిన మెలిక తిరిగి, పై మెలిక తిరిగి, బయలుదేరిన చోటికి వచ్చి ఆగి, మళ్లీ అదే దారిన పోయింది.