చెంబులో నీళ్ల దొంగ

షెడ్డులో ఆమెను అందరూ ఇస్త్రీ అత్త అంటారు. కోడలు "అత్తయ్యా" అని పిలవడం విని మిగతావాళ్లూ వరస కలిపేసుకున్నారు. ముప్ఫై ఏళ్లు బల్ల ముందు నిలబడి ఊరందరి బట్టలూ ఇస్త్రీ చేసిన మనిషి. కూర్చుంటే కొంపలంటుకుపోతాయనుకునే రకం. ఇస్త్రీ కొట్టు మూతపడ్డాక ఆర్నెల్లు ఇంట్లో ఉండి, మడతపెట్టిన దుప్పట్లనే విప్పి మళ్లీ మడతపెడుతుంటే చూడలేక, కోడలు తను పనిచేసే చోటికే తీసుకొచ్చింది.

అక్కడ పాత బట్టలతో పలకలు చేస్తారు. చిరిగిన నూలు దుప్పట్లు, గోనెసంచులు ఒకవైపు, ప్లాస్టిక్ దారంతో నేసిన తివాచీలు, సంచులు మరోవైపు. రెండింటినీ మిషన్లో పీచు చేసి, కలిపి, ట్రేలో పరుపులా పరిచి, వేడి ప్రెస్సు కింద పెడతారు. ప్లాస్టిక్ కరిగి జిగురవుతుంది, నూలు పీచు గట్టిదనం ఇస్తుంది. చల్లారితే చెక్కలాంటి పలక. పీచును ఎండబెట్టడం కోడలి పని, ట్రేలో పరవడం అత్త పని. ప్రెస్సును చూసిన మొదటి రోజే అత్త ముఖం విప్పారింది. "ఇది మన ఇస్త్రీపెట్టేనే, కాస్త ఒళ్లు చేసిందంతే," అంది.

అత్త వచ్చిన వారం నుంచే పలకలు చెడిపోసాగాయి. పైన బుడగలు, లోపల డొల్ల. వేడి పెంచి చూశారు, తగ్గించి చూశారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ప్రెస్సును కూడా తిట్టారు. శుక్రవారం బడి హెడ్మాస్టరు ఈ పలకలతో చేసే బెంచీలు చూడటానికి వస్తాడు, ఆయన వద్దంటే షెడ్డుకు తాళమే. చివరికి యజమానురాలు తేల్చింది: పీచులో తడి ఉంది, ఆ తడి ఆవిరై పలకను పొంగిస్తోంది, ఎండబెట్టేవాళ్లకే శ్రద్ధ లేదు. రేపు కూడా ఇంతే అయితే మరో మనిషిని చూసుకుంటానంది. కోడలు మళ్లీ ఎండలోకి వెళ్లి పీచు తిరగేసింది.

అత్తకు ఒళ్లు మండింది. ఆ మంటకు దాహం వేసి చెంబు అందుకుంటే, ఖాళీ. వారంగా ఇదే తంతు. పొద్దున నింపి పక్కన పెట్టుకున్న నీళ్లు మధ్యాహ్నానికి ఎవరో తాగేస్తున్నారని కోడలితో చెప్పుకుంది కూడా. అనుమానమంతా ప్రెస్సు నడిపేవాడి మీదే. మర్నాడు చెంబును ఓరకంట కనిపెడుతూనే పీచు పరిచింది. ఒక్క నరపురుగూ రాలేదు. ట్రే ప్రెస్సు కిందికి జరిపే ముందు చూసుకుంటే చెంబులో ఒక చెయ్యి ఉంది. వేళ్లు తడుపుకుని పీచు మీద చల్లబోతోంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. అత్త పట్టింది. తీరా చూస్తే అది తన కుడిచెయ్యే.

ఎవరూ చూడలేదు. ఇక చల్లకుండా ఊరుకుంటే చాలు, పలకలు బాగుపడతాయి, తన పనీ నిలుస్తుంది. కానీ కోడలి మీద పడ్డ మాట పడ్డట్టే ఉండిపోతుంది. చెబితే తను మళ్లీ ఇంట్లో దుప్పట్లు మడతపెట్టుకోవాలి. భయం వేసింది, నిజంగానే. అయినా చెంబు పట్టుకుని యజమానురాలి దగ్గరికి నడిచింది.

"తడి నా కోడలిది కాదమ్మా, నాది. వేడి ఎదురుగా ఉంటే ఈ చెయ్యి దానంతటదే నీళ్లు చల్లేస్తోంది. నన్ను మానిపించండి, కోడల్నేమీ అనకండి."

యజమానురాలు చెంబు అందుకుని పక్కన పెట్టింది. తర్వాత ఎండలో ఉన్న రెండు పీచు కుప్పలు చూపించి, వీటిలో తడి ఉందో లేదో చెప్పగలవా అని అడిగింది. అత్త ఒక్కో కుప్పలోంచి గుప్పెడు తీసి చెంపకు ఆనించుకుంది. బట్ట ఆరిందో లేదో ఇస్త్రీవాళ్లకు చెప్పేది చెంపే. "ఇది సిద్ధం. అది ఇంకో గంట ఎండాలి," అంది. ఆ రోజు నుంచి ఆ చెంప ఒప్పుకోనిదే ఏ పీచూ ట్రే ఎక్కలేదు. చెంబును మాత్రం గేటు బయటికి పంపేశారు. కోడలు యజమానురాలు అన్న మాట మరిచిపోయింది గానీ, అత్తను ఏడిపించడం మానలేదు. "నీళ్లు తాగినవాళ్లు దొరికారా అత్తయ్యా?" అని రోజూ అడిగేది.

శుక్రవారం హెడ్మాస్టరు కొత్త బెంచీని తట్టి, వంగి చూసి, పిల్లలు గెంతితే ఆగుతుందా అన్నాడు. కోడలు అత్త చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

"కూర్చోండత్తయ్యా."

అత్త వంగి, పలకకు చెంప ఆనించి చూసి, అప్పుడు కూర్చుంది. బెంచీ కిర్రుమనలేదు. హెడ్మాస్టరు నలభై బెంచీలు కావాలని చెప్పి వెళ్లిపోయాడు. పట్టపగలు, పనివేళ, పదిమంది ముందు ఇస్త్రీ అత్త ఇంకాసేపు అలాగే కూర్చుంది. కొంపలేవీ అంటుకోలేదు.