బనియాస్‌లో ఇల్లు చూసిన రోజు

మా ఆఫీసు అబూ ధాబీకి మారింది. రోజూ మేముండే కరామా నుంచి అంత దూరం వెళ్లిరావడం నా వల్ల కాలేదు. ఆఫీసుకి దగ్గరని బనియాస్‌లో ఇల్లు తీసుకుందామంటే మా ఆవిడ సత్య ససేమిరా అంది. కరోనా రోజుల్లో మేమిద్దరం మంచాన పడితే, కరామాలో పక్కింటివాళ్లే తలుపు దగ్గర అన్నం గిన్నెలు పెట్టి వెళ్లారు. "పిలిస్తే పలికే మనిషి అక్కడెవరున్నారండీ?" అని అడిగింది. చివరికి ఊరు చూడడానికి మాత్రమే వస్తానన్న షరతు మీద ఒక శనివారం బయల్దేరింది.

ఉదయం ఏడింటికి జాఫ్లియా స్టాండులో బనియాస్ పక్కనున్న ముసఫ్ఫాకి బస్సెక్కాం. తలా ఇరవై అయిదు దిర్హములు. దిగాక టాక్సీ దొరికింది. డ్రైవరు జగిత్యాల మనిషి. "ముందుగాల వత్బా చూడుండ్రి సార్. ఎండ ముదిరితే ఖలాస్, నిలవడలేరు" అన్నాడు. ఆయన మాట విని మంచి పని చేశాం. వత్బాలో రాయిగా మారిపోయిన ఇసుక దిబ్బల మధ్య హాయిగా నడిచాం. టికెట్టు కూడా లేదు. దారిలో ఒంటెల గుంపు కనబడితే సత్య ఆ రోజు మొదటిసారి నవ్వింది. నేను చూశానని తెలిసి వెంటనే కిటికీ వైపు తిరిగింది.

బనియాస్‌కి బడాయి తెలియదు. పొట్టి ఇళ్లు, మసీదులు, దర్జీ కొట్లు, కేరళ హోటళ్లు, ఒక పెద్ద మాల్. ఇద్దరి భోజనం ముప్పై దిర్హముల్లో అయిపోయింది. "కొబ్బరి పోసి చేపను పాడుచేశారు" అంటూనే సత్య పులుసు రెండోసారి వడ్డించుకుంది.

మేం చూడాల్సిన వాటా తాళం పక్కింటి స్వరూప గారి దగ్గరుంది. ఆవిడది నిజామాబాద్, భర్తకి గ్యారేజీలో పని. గదులు చూపిస్తున్నంతసేపూ సత్య గోడల చెమ్మకీ, కుళాయి ధారకీ వంకలు పెడుతూనే ఉంది. "గవన్నీ బాగు చేపిస్తరు గని, ఎండల పడొచ్చిన్రు, ఇంట్ల జెరసేపు కూసోండి" అని స్వరూప గారు మమ్మల్ని వాళ్లింటికి లాక్కెళ్లారు. టీ ఇచ్చారు. వచ్చేటప్పుడు స్టీలు డబ్బాలో సర్వపిండి పెట్టి సత్య చేతిలో పెట్టారు.

"అయ్యో, మీ డబ్బా మళ్లీ ఎలా ఇవ్వను?" అంది సత్య.

"డబ్బాకేం తొందర? అచ్చినప్పుడు ఇద్దురు తీయ్."

తిరుగు బస్సులో సత్య ఆ డబ్బాని ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది.

ఊరంటే చూసే చోట్లేననుకునేవాణ్ణి. ఉండబోయేవాళ్లకి పక్క తలుపు కూడా ఊరేనని ఇప్పుడు తెలిసింది. మీరూ వెళ్తే వత్బాని పొద్దున్నే చూసుకోండి, ఇంటిని మాత్రం మిట్టమధ్యాహ్నం చూడండి. ఏసీ సంగతీ, ఇరుగుపొరుగు సంగతీ అప్పుడే బయటపడతాయి.

తెల్లారి లేచేసరికి వంటింట్లో మినుములు వేగుతున్న వాసన. కడిగిన డబ్బా గట్టు మీద బోర్లించి ఉంది.

"ఖాళీ డబ్బా ఇవ్వకూడదు కదండీ. సున్నుండలు చేస్తున్నాను."

"డబ్బా ఇవ్వడానికి మళ్లీ అంత దూరం వెళ్లాలా?" అని ఆటపట్టించాను.

"దూరమేముంది? సామాన్లు దిగాక పక్క తలుపు కొట్టి ఇస్తే సరిపోదూ" అంది సత్య.