తప్పుల పుస్తకంలో రెండు ఖాళీ పేజీలు

క్లబ్బులో ఆయన్ని అందరూ కళ్లజోళ్లాయన అంటారు. బజారు మలుపులో కళ్లజోళ్ల షాపు ఆయనదే. ఇరవై ఏడేళ్లుగా అక్కడే కూర్చుని ఊళ్లో సగం ముక్కుల కొలతలు కంఠతా పట్టేశాడు. దారిలో ఎవరైనా ఎదురుపడితే ముందు ముఖం చూడడు, ఫ్రేము చూస్తాడు. అది వంకరగా కూర్చుందో, నడిరోడ్డు మీదే "ఒక్క నిమిషం" అంటూ వాళ్ల చెవుల మీంచి తీసేసి, కాడలు వంచి మళ్లీ తగిలిస్తాడు. చాలామంది సంతోషిస్తారు. కొందరు ఆయన్ని దూరం నుంచి చూడగానే అవతలి పక్కకి రోడ్డు దాటేస్తారు.

ఆదివారం మాత్రం ఆయన దర్జా వేరు. ఊరి చివర షూటింగ్ క్లబ్బులో ఒక ఎర్ర టోపీ ఉంది. అది ఎవరి నెత్తిమీదుంటే ఆ పూట లైనంతా వాళ్ల మాటే. కాల్చమంటే కాల్చాలి, ఆపమంటే ఆపాలి. పద్నాలుగేళ్లుగా ఆ టోపీ ఆయన బట్టతలని వదలలేదు. శనివారం సాయంత్రమే దాన్ని ఉతికి, స్టీలు గిన్నె మీద బోర్లించి ఆరబెట్టుకుంటాడు. ఆ గిన్నె ఇంకెందుకూ వాడకూడదు. పెళ్లాం ఒకసారి తెలియక అందులో ఉల్లిపాయలు తరిగి పెట్టినందుకు ఆ ఆదివారమంతా లైనులో ఘాటు కొట్టిందని క్లబ్బులో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ లైను సంగతి కాస్త చెప్పాలి. రేకుల షెడ్డు కింద వరసగా పది బల్లలు. ముందు యాభై మీటర్ల దూరంలో మట్టిగట్టు, దానికి ఆనించి గురి కాగితాలు. బల్లల వెనక నేలమీద పసుపు గీత. పొడుగ్గా ఒక ఈల మోగితే ఎవరి వేలైనా ట్రిగ్గరు మీంచి లేచిపోవాలి. తూటా తీసేసి, తుపాకీ తెరిచి, తూటా కూర్చునే చోట ఒక పచ్చ ప్లాస్టిక్ ముక్క దూర్చాలి. ఆ ముక్క బయటికి కనపడితే ఆ తుపాకీ ఖాళీ అన్నమాట. తర్వాత అందరూ గీత వెనక్కి వచ్చెయ్యాలి. ఎర్ర టోపీ గీత మీదుగా నడుస్తూ పది పచ్చ ముక్కలూ కళ్లారా చూసుకుని ఎర్ర లైటు వెయ్యాలి. అప్పుడే మెంబర్లు పక్క దారెమ్మట గట్టు దగ్గరికి వెళ్లి కాగితాలు మార్చుకుంటారు. ఎర్ర లైటు వెలుగుతున్నంతసేపూ బల్లల దగ్గరికి ఎవరూ వెళ్లకూడదు. కళ్లజోడు మర్చిపోయినా సరే, జేబురుమాలు ఎగిరిపోతున్నా సరే. "ఎర్ర టోపీ కూడా వెళ్లకూడదు" అని బోర్డు మీద స్వహస్తాలతో రాసి, కింద రెండు గీతలు గీసింది కళ్లజోళ్లాయనే.

తప్పుల పుస్తకం పెట్టించిందీ ఆయనే. ఒక్కో మెంబరుకి ఒక్కో పేజీ. తప్పు చేసినవాళ్లు తామే రాసుకోవాలి: ఏం చేశాను, ఎందుకు చేశాను. సాయంత్రం టీ దగ్గర పైకి చదవాలి. తర్వాత నెల్లాళ్లు తుపాకీ ముట్టుకోకుండా వెనక బెంచీ మీద కూర్చోవాలి. తప్పు చూసి దాచినవాళ్లకీ అదే శిక్ష. క్లబ్బు ప్రెసిడెంటైన లెక్కల టీచరమ్మ పేజీలో కూడా ఒకటుంది: "తుపాకీ పట్టుకుని వెనక్కి తిరిగి మాట్లాడాను. ఎందుకంటే పక్క బల్లాయన స్కోరు తప్పు కూడాడు."

పుస్తకంలో మచ్చ లేని పేజీలు రెండే. ఒకటి కళ్లజోళ్లాయనది. రెండోది పళ్ల డాక్టరుది.

పళ్ల డాక్టరు వేరెవరో కాదు, కళ్లజోళ్లాయనకి స్వయానా తోడల్లుడు. ఆయన మరదలి మొగుడు. రెండేళ్ల క్రితం "అన్నయ్యా, నన్ను కూడా చేర్పించండి" అని బతిమాలితే, పెద్దరికం చూపించుకోవచ్చు కదా అని ఫారం మీద తనే సంతకం పెట్టాడు. ఆ సంతకం గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పుడు కుడిచెయ్యి దురద పెడుతుంది.

ఈ మంట ఇప్పటిది కాదు. అత్తగారికి చూపు మందగిస్తే కళ్లజోడు చేసిచ్చింది పెద్దల్లుడు. పళ్లు ఊడితే పళ్లసెట్టు కట్టిచ్చింది చిన్నల్లుడు. ఏదైనా ఫంక్షన్లో ఫోటో తీస్తామంటే ఆవిడ ఏం చేస్తుందంటే, కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంటుంది, పళ్లసెట్టు పెట్టుకుని నవ్వుతుంది. ఆ ఇంటి ఆల్బమంతా చిన్నల్లుడి పనితనమే. పెద్దల్లుడి పనితనం ఎవరికీ కనపడకుండా ఒళ్లో.

ఇప్పుడు క్లబ్బులోనూ అదే వరస. పళ్ల డాక్టరు ఎడంచేతి వాటం. తుపాకీ కూడా ఎడంచేతి తుపాకీ తెప్పించుకున్నాడు. పొద్దున్నుంచీ జనం నోళ్లలో సన్నటి పనిముట్లు తిప్పే చెయ్యి కదా, వణకదు. పదికి పది నల్లచుక్కలో పెడతాడు. పెట్టి ఊరుకోడు. "అంతా అన్నయ్య చెప్పిన కిటుకే" అంటాడు. కొత్తవాళ్లకి రూల్సు చెప్పమంటే కళ్లజోళ్లాయన అరుస్తాడు, డాక్టరు నవ్వుతూ చెప్తాడు. అరిస్తే ఎవరికి గుర్తుంటుంది? నవ్వుతూ చెప్తే అందరికీ గుర్తుంటుంది.

ఆ ఆదివారం టీ తర్వాత, వచ్చే ఏడాదికి ఎర్ర టోపీ ఎవరిదో చేతులెత్తి తేల్చాలి. పద్నాలుగేళ్లలో ఈ తంతు ఎప్పుడూ జరగలేదు, అడిగేవాళ్లు లేక. ఈసారి నలుగురైదుగురు మెంబర్లు డాక్టరు పేరు ఎత్తారు. పొద్దున్న టోపీ గిన్నె మీంచి తీస్తుంటే పెళ్లాం అంది:

"మా మరిదికిస్తే పోయేదేముందండీ? ఆదివారం హాయిగా పడుకోవచ్చుగా."

"నీ మరిది, నీ మరిది! అతగాడికి లేనిదేంటే? కారు లేదా, పొడుగు లేదా, జుట్టు లేదా? ఇంత ముక్క గుడ్డ నాకు మిగలకూడదా?"

"జుట్టున్నవాడికి టోపీ ఎందుకులెండి" అని ఆవిడ నవ్వాపుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

లైను దగ్గర ఆయన మనసు మనసులో లేదు. దూరం కాగితాలు చూసుకునే పెద్ద దుర్భిణీ ఒకటుంటే, దాన్ని గట్టుకేసి కాకుండా ఏడో బల్లకేసి తిప్పాడు. ఏడో బల్ల డాక్టరుది. వేలు ట్రిగ్గరు మీద ముందే పెట్టాడా? లేదు, పుల్లలా చాపి పక్కనే ఆనించి ఉంచాడు. కళ్లకి అద్దాలు? ఉన్నాయి. చప్పుడు సోకకుండా చెవులకి డిప్పలు? ఉన్నాయి. పక్కవాడి స్కోరు మీద వ్యాఖ్యానం? పక్కవాడు ఘోరంగా కాలిస్తే, చూడనట్టు తల తిప్పుకున్నాడు. ఖాళీ తూటాలు ఏరుకున్నాడా? ఏరుకున్నాడు. పక్క బల్లవి కూడా ఏరి పెట్టాడు! కళ్లజోళ్లాయనకి ఒళ్లు మండిపోయింది. మనిషన్నాక ఒక్క తప్పైనా చెయ్యాలి కదా, ఇదేం చోద్యం!

ఆ మంటలోనే ఈల ఊదాడు. అందరూ తుపాకులు తెరిచి వెనక్కొచ్చారు. గీత మీద ఒక నడక నడిచి ఎర్ర లైటు వేశాడు. మెంబర్లు కబుర్లాడుకుంటూ గట్టుకేసి వెళ్లారు.

అప్పుడు తట్టింది. తొమ్మిది పచ్చ ముక్కలే చూశాడు తను. ఎడంచేతి తుపాకీ ఎడంపక్క తెరుచుకుంటుంది. దాని ముక్క చూడాలంటే గీత మీదే ఇంకో నాలుగడుగులు అవతలికి వేసి, వెనక్కి తిరిగి చూడాలి. ఇన్నాళ్లూ అలాగే చూసేవాడు. ఇవాళ దుర్భిణీ ధ్యాసలో పడి మర్చిపోయాడు.

సరే, నాలుగడుగులు వేసి చూస్తే సరిపోయేది. వేశాడు కూడా. కానీ డాక్టరు చెవుల డిప్పలు తీసి సరిగ్గా తుపాకీ పక్కనే పెట్టాడు, ముక్క ఉందో లేదో అవి కనపడనివ్వడం లేదు. ఈల ఊది అందర్నీ వెనక్కి పిలిస్తే సరి. రూలు అదే. పిలిచాక ముక్క ఉంటే? పది మందిలో తలవంపులు. పిలవకుండా ముక్క లేదని తేలితే? డాక్టరు ఖాళీ పేజీ కాస్తా నిండుతుంది, టోపీ తనది తనకే ఉంటుంది.

ఈ రెండో ఆలోచన ఎంత తియ్యగా ఉందంటే, తన కాళ్లు పసుపు గీత దాటాయని కూడా ఆయనకి తెలియలేదు. బల్ల మీదికి వంగాడు. డిప్పలు జరిపాడు. తుపాకీ మీద చెయ్యి వేశాడు. ముక్క ఉంది. శుభ్రంగా, పచ్చగా, నిలువునా ఉంది. నమ్మబుద్ధి కాక, గట్టిగా కూర్చుందా లేదా అని రెండు వేళ్లతో దాని కొస పట్టుకున్నాడు.

"ఆపండి!"

తలెత్తేసరికి సరిగ్గా ఎదురుగా, ఏడో కాగితం పక్కన, చేతులు రెండూ పైకెత్తి డాక్టరు. తుపాకీ మూతి అతనికేసే ఉంది. నవ్వు లేని డాక్టరు ముఖాన్ని కళ్లజోళ్లాయన అదే మొదటిసారి చూడటం. ఒక్క గెంతులో గీత వెనక్కి వచ్చి పడ్డాడు. ఖాళీ తుపాకీయే. అయినా ఆ మూతి అవతల మనిషి, ఇవతల తన చెయ్యి. బోర్డు మీద రెండు గీతలు గీసింది సరిగ్గా దీని గురించే.

మిగతావాళ్లు తిరిగి చూసేసరికి ఎర్ర టోపీ గీత వెనకే ఉంది. స్కోరు గదిలోంచి టీచరమ్మ పరిగెత్తుకొచ్చింది.

"ఎవరా అరిచింది? ఏమైంది?"

డాక్టరు చేతులు దించాడు. కళ్లజోళ్లాయనకేసి ఒక్క క్షణం చూశాడు. "ఏం లేదు టీచరమ్మగారూ, కాలికి రాయి తగిలింది."

"ఆపండి అని అరిచేంత రాయా?"

"పెద్ద రాయేనండి."

కాగితం మార్చుకుని తిరిగొస్తూ డాక్టరు తోడల్లుడి పక్కన ఆగి, గొంతు తగ్గించి అన్నాడు: "గుండె జారిపోయింది అన్నయ్యా. పోనీలెండి, నేనెవరికీ చెప్పను."

చెప్పను! ఆ మాట కళ్లజోళ్లాయన చెవిలో జోరీగలా దూరింది. చెప్తే పేజీ పోతుంది, టోపీ పోతుంది. చెప్పకపోతే ఇక జీవితాంతం ఈ మనిషి దయ మీద బతకాలి. ప్రతి పుట్టినరోజుకీ, ప్రతి ఫోటోకీ ఇతగాడు ఆ పళ్లన్నీ కనపడేలా నవ్వుతాడు, తను ఆ రాయి గుర్తుకు తెచ్చుకోవాలి.

టీ వచ్చింది. టీచరమ్మ తప్పుల పుస్తకం తెరిచి, "ఈ వారం రాసుకునేవాళ్లున్నారా?" అంది. అందరూ టీ కప్పులు అందుకున్నారు. "లేకపోతే టోపీ సంగతి చూద్దాం" అంటూ పుస్తకం మూయబోయింది. బల్లకి అవతల్నుంచి డాక్టరు, భయం లేదన్నట్టు, చిన్నగా కన్ను కొట్టాడు.

ఆ కన్నుగీటు లేకపోతే ఏం జరిగేదో నేను చెప్పలేను. మంచివాడు కాబట్టి లేచాడని చెప్పుకోవడం బాగానే ఉంటుంది, కానీ నిజం అది కాదు. ఆ కన్నుగీటు భరించలేక లేచాడు.

"ఇలా ఇవ్వండి" అని పుస్తకం లాక్కుని, తన ఖాళీ పేజీ తీశాడు. ఏం చేశాను: "ఎర్ర లైటు వెలుగుతుండగా గీత దాటాను. మనిషి ఎదురుగా ఉండగా అతని తుపాకీ మీద చెయ్యి వేశాను. అంతకుముందు పదో ముక్క చూడకుండానే లైటు వేశాను." ఎందుకు చేశాను దగ్గర పెన్ను ఆగింది. "తొందరలో" అని రాసి కొట్టేశాడు. "జాగ్రత్త కోసం" అని రాసి, రెండుసార్లు కొట్టేశాడు. చివరికి ఒక్కటే మాట రాసి పైకి చదివాడు:

"కుళ్లుతో."

టీ కప్పులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఆయన టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. పద్నాలుగేళ్ల తర్వాత ఆ బట్టతలకి క్లబ్బు గాలి తగిలింది.

"అయితే," టీచరమ్మ గొంతు సవరించుకుంది, "ఆపండి అని అరిచింది డాక్టరుగారు కాబట్టి టోపీ ఆయనకే..."

"ఆగండి" అని డాక్టరు లేచాడు. చెవులు ఎర్రబడ్డాయి. "రాయి లేదు, ఏమీ లేదు. నేను చూసి దాచాను. నా పేజీ కూడా తియ్యండి."

రాశాడు. చదివాడు: "తప్పు చూసి అబద్ధం చెప్పాను. ఎందుకంటే అన్నయ్య చిన్నబోతే నేను చూడలేను."

ఎవరో "అయ్యో" అన్నారు. చివర కూర్చున్న ఇద్దరైతే చప్పట్లు కూడా కొట్టారు.

కళ్లజోళ్లాయన రెండు పేజీల్నీ మార్చి మార్చి తిప్పి చూసుకున్నాడు. ఒకదాంట్లో కుళ్లు. రెండోదాంట్లో అన్నయ్య మీద ప్రేమ. ఆఖరికి తప్పు చెయ్యడంలో కూడా వీడు నాకంటే మంచి కారణమే సంపాదించాడు కదా అని కడుపులో మళ్లీ చిన్నగా రాజుకుంది.

టోపీ ఆ ఏడాదికి టీచరమ్మకి వెళ్లింది. ఆవిడ జడ ముడికి అది దిగకపోతే, వెనక బకిల్ వదులు చేసి సరిగ్గా కూర్చోబెట్టింది కళ్లజోళ్లాయనే. వంకరగా ఉన్నదేదీ అలా వదిలెయ్యలేడు ఆయన.

మరుసటి ఆదివారం తోడల్లుళ్లిద్దరూ వెనక బెంచీ మీద, చెవులకి డిప్పలు పెట్టుకుని, పక్కపక్కనే కూర్చున్నారు. మధ్యలో ఇంకో మనిషి పట్టేంత ఖాళీ. టీచరమ్మ ఈల ఊదింది. అది ఈలలా లేదు, పిల్లి మీద ఎవరో కాలు వేసినట్టుంది.

డాక్టరు ఒక చెవి డిప్ప ఎత్తాడు. "అన్నయ్యా, మీ ఈల ముందు ఇదేం ఈలండీ?"

కళ్లజోళ్లాయన తనూ ఒక డిప్ప ఎత్తాడు.

"పళ్ల మధ్య సందు ఉన్నట్టుంది ఆవిడకి. చూడరాదూ?"

"చూస్తాలెండి. ముందు మీరు చూడండి, ఆవిడ తొమ్మిదో బల్ల దగ్గర్నుంచే వెనక్కి తిరిగింది. పదోది చూసిందంటారా?"

"నేనూ అదే అనుకుంటున్నా" అంటూ కళ్లజోళ్లాయన, సరిగ్గా కనపడటం కోసమే సుమా, బెంచీ మీద అటు జరిగి కూర్చున్నాడు.