వెచ్చటి గదిలోని సీసాలు

మా తోడికోడలిని ఇంట్లో అందరం సర్దుళ్లమ్మ అంటాం. గుమ్మంలో చెప్పులు వంకరగా ఉంటే దానికి ముద్ద దిగదు. మందుల పరీక్షశాలలో గాజుసామాను కడగడం, గదులు తుడవడం దాని ఉద్యోగం.

చుట్టుపక్కల దేశాలు కొన్ని కలిసి ఒక ఒప్పందం చేసుకున్నాయట. ఒక మందును ఒక దేశం పరీక్షించి బాగుందంటే, మిగతావాళ్లు మళ్లీ పరీక్షించకుండా ఆ మాటే నమ్ముతారు. జబ్బుపడ్డవాళ్లకి మందు త్వరగా అందుతుంది. కాకపోతే నమ్మేముందు ఒకరి పరీక్షశాల మరొకరు వచ్చి చూస్తారు. ఇదంతా దాని బుర్ర తిని నేను రాబట్టిన సంగతే.

అలా చూసేవాళ్లు వచ్చిన రోజున అది మధ్యాహ్నానికే ఇంటికొచ్చి, వంటగదిలో గోడవైపు తిరిగి కూర్చుంది.

"ఏమే, ఉద్యోగం ఊడిందా?"

"ఊడినా బాగుండేదక్కా."

నేను ఊరుకునే మనిషినా? పక్కనే చతికిలబడ్డాను. కాసేపు ముక్కు ఎగబీల్చి, చెప్పుకొచ్చింది.

అక్కడ ఎప్పుడూ వేడిగా, చెమ్మగా ఉంచే గది ఒకటుంది. పిల్లల జ్వరం మందు సీసాలను అందులో పెట్టి, మండే ఎండల్లో పాడవుతుందో లేదో చూస్తారు. ముందురోజు తుడుస్తుంటే కొన్ని సీసాలు మురికినీళ్లలా కనబడ్డాయి. చుట్టాలొస్తున్నారని విడిచిన బట్టలు తలుపు వెనక్కి తోసినట్టు, ఇది వాటిని సామాన్ల గదిలోకి తోసింది. బీరువాలోంచి అదే మందు కొత్త సీసాలు తెచ్చి, పాతవాటి చీటీలు ఊడదీసి మరీ వాటికి అంటించింది.

"వచ్చినవాళ్లలో ఒకావిడ సీసా వెలుతురుకి పట్టి చూసి, 'ఇంత వేడిలోనూ ఎంత తేటగా ఉందో! మా పిల్లలకీ ధైర్యంగా ఇస్తాం' అందక్కా. పరీక్షశాల నడిపే మా పెద్దమేడమ్ మొహం వెలిగిపోయింది. నేనప్పుడు వాళ్లకి టీ ఇస్తున్నాను."

"చెప్పేశావా?"

"పసిపిల్లలు తాగేదక్కా! ట్రే అక్కడే పెట్టి, 'అసలు సీసాలు నేను దాచానండీ' అనేశాను."

"మేడమ్ చీవాట్లు పెట్టిందా?"

"పెడితే పడి ఉండేదాన్ని. 'ఆ సీసాలు ఎందుకు పెట్టామో ఈమెకి నేనెప్పుడూ చెప్పలేదు, తప్పు నాదే' అని వాళ్లందరి ముందూ ఆవిడ తల దించుకుంది. నా మూలాన!"

అప్పుడే లోపలికొచ్చిన మా మరిది అందుకున్నాడు. "ఇది సర్దితే మన ఇంట్లోనే ఏదీ దొరకదనుకున్నా. ఇప్పుడు దేశాలకీ దొరకలేదన్నమాట!"

"నువ్వు అవతలికి పోవయ్యా," అని కసిరాను. అది మాత్రం నవ్వలేదు, కోప్పడనూ లేదు.

ఆ మందును ఏ దేశమూ తీసుకోలేదు. పరీక్షశాలను ఇప్పట్లో కలుపుకోలేమని, మళ్లీ వచ్చి చూస్తామని చెప్పి వాళ్లు వెళ్లిపోయారట. ఎన్నాళ్లుగానో ఆ ఒప్పందంలో చేరడానికే పాటుపడుతున్న పెద్దమేడమ్, అందరూ వెళ్లాక ఒక్కతే కూర్చుని ఆ మురికి సీసాలను తిరిగి గదిలో పెట్టుకుందట.

మర్నాడు అది కదల్లేదు.

"ఏ మొహం పెట్టుకుని వెళ్లనక్కా?"

"ఉన్న మొహమే పెట్టుకుని వెళ్లు. ఆవిడ మాత్రం ఇంకో మొహం ఎక్కణ్ణించి తెచ్చుకుంటుంది?"

చాలాసేపటికి లేచింది. గేటు దాటి, వీధి మలుపు తిరిగేదాకా తల ఎత్తలేదు. వెళ్లడం మాత్రం వెళ్లింది.