రాజవ్వకు చివరగా చెప్పాల్సిన సంగతి

రుద్రంగి దాటి నాలుగు కిలోమీటర్లు పోయిందో లేదో, కోరుట్ల బస్సు వెనక చక్రం నేలకు అంటుకుపోయింది. డ్రైవరు దిగి, చక్రాన్ని చెప్పుకాలితో ఒకసారి తన్ని, బీడీ ముట్టించాడు. అంటే గంట పని. జనం ఒక్కొక్కరే దిగి రోడ్డు పక్కనున్న రెండు వేపచెట్ల నీడను పంచుకున్నారు. నీడ దొరకనివాళ్లు కండక్టరును పంచుకున్నారు; ఆయన ఫోన్లో ఎవరికో మొరపెట్టుకుంటూ అటూ ఇటూ తిరుగుతుంటే వెంట నలుగురు తిరుగుతున్నారు.

ఎహసాన్ మాత్రం అత్తరు పెట్టెను ఒళ్లో పెట్టుకుని కల్వర్టు గోడ మీద కూర్చున్నాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. పదిహేనేళ్లు గల్ఫు ఎండలో ఉండి వచ్చినవాడికి ఎదురుచూడటం ఎవరూ నేర్పనక్కర్లేదు. వచ్చిన నాటి నుంచి దర్గా ఉర్సులకూ జాతరలకూ అత్తరు, కంటికి పెట్టే సుర్మా అమ్ముతూ తిరుగుతున్నాడు. కోరుట్లలో ఇల్లుంది, కోడలుంది, నులక మంచముంది. మూడు రోజులకు మించి ఆ మంచం మీద వీపు నిలవదు.

"అన్నా, నీకు గీ పెద్ద ఫోను ఒత్తుడొస్తదా?"

తలెత్తాడు. యాభై ఆరు, యాభై ఏడు ఉంటాయి ఆమెకు. ముఖాన రూపాయంత బొట్టు, ముంజేతుల నిండా వేములవాడలో కొన్న కొత్త గాజులు, చంకన ప్లాస్టిక్ సంచి. చేతిరుమాలులో చుట్టిన ఫోనును కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుంది.

"ఒత్తుడు కాదు చెల్లె, తాకుడు. ఒత్తితే గది అలుగుతది."

"అలిగేటోళ్లు ఇంట్ల శానామంది ఉన్నరు. గిదొక్కటే తక్కువైంది" అంటూ పక్కనే కూర్చుంది.

పేరు రాజవ్వ. ఊరు కోరుట్ల దగ్గర ముత్యంపేట. భర్త మొండయ్య ఇరవై ఎనిమిదేళ్లుగా గల్ఫులో మేస్త్రీ పని. రెండేళ్లకొకసారి రెండు నెలలు వస్తాడు. కాగితం మీద లెక్క వేస్తే పెళ్లయినాక వాళ్లిద్దరూ ఒక ఇంట్లో ఉన్నది పదేళ్లు దాటదు. మిగతాదంతా గొంతే. మొదట్లో క్యాసెట్లు. ఇప్పటివాళ్లకు చెబితే నవ్వుతారు గానీ, ఆ రోజుల్లో సెలవుకు వచ్చేవాడి చేతికి క్యాసెట్ ఇచ్చి పంపితే, టేపురికార్డరున్న ఇంటి ముందు వాడకట్టంతా కూర్చుని వినేది. మొండయ్య మొదటి క్యాసెట్లో ముప్పావు గంట బర్రె గురించి, బావి మోటారు గురించి, అప్పజెప్పిన పనుల గురించి మాట్లాడి, టేపు అయిపోయే ముందు "రాజవ్వా, మంచిగున్నవా" అన్నాడట. వాడకట్టంతా నవ్వితే ఆమె చాట తీసుకుని లోపలికి పోయిందట. ఆ తరువాత ఎస్టీడీ బూత్. ఆ తరువాత మీటల ఫోను. ప్రతి శుక్రవారం, అక్కడ సెలవు గనక, పొద్దున పది గంటలకు.

"నిన్న శుక్రారం. ఫోను రాలే" అంది రాజవ్వ. "ఇరువై ఎనిమిదేండ్లల్ల గిట్ల ఎన్నడు గాలే. జెరమొచ్చినా, తిండి లేకున్నా చేసేటోడు. బుధారంనాడు మా మరిది కొడుకు నరేశ్ అన్నడు, పెదనాయనకు పానం బాగలేదట, దవాఖాన్ల ఏసిండ్రట, ఫోను లోపటికి రానియ్యరట. మాటలకేముంది, ఎవలైనా చెప్తరు. మొఖం జూస్తే నాకు తెలుస్తది. అందుకనే సిరిసిల్లకు పోయి మా అక్కబిడ్డ సరిత తాన గీ పాత ఫోను అడుక్కొచ్చిన. నా సిమ్మే ఏసింది. దోవల వేములవాడల దిగి రాజన్నకు మొక్కు కోడెను గట్టిన."

"మరి సరిత నేర్పలేదా?"

"నేర్పింది. సాంచాల మీద నేత షిఫ్టుకు టైమైతున్నదని ఉరుక్కుంట నేర్పింది. నా ఏలు పెడితే గిది కదల్దు." కుడి చేయి చాపింది. నలభై ఏళ్లు బీడీలు చుట్టిన వేళ్లు. తునికాకు మీద దొర్లి దొర్లి బొటనవేలి కొస నున్నగా, గాజుగోలీలా అయింది. "పొద్దున నరేశ్ ఫోన్ జేసిండు. పింఛను కాయిదం మీద సంతకం కావాలె, జెల్ది రా పెద్దమ్మా అన్నడు. నాకు సంతకమెక్కడొస్తది? ఏలిముద్రనాయె. గదీ పడదు."

సంతకం మాట దగ్గర ఎహసాన్ ఆమె కొత్త గాజుల వైపు ఒకసారి చూశాడు. ఫోను తీసుకుని, వేలి కొసతో కాక పక్కవైపుతో తాకమన్నాడు. రెండుసార్లు కదలలేదు. మూడోసారి కదిలింది. మొండయ్య ముఖమున్న గుండ్రటి బొమ్మను తనే చూపించి, దాని పక్కన కెమెరా గుర్తును తాకించాడు. మోగింది. రాజవ్వ కొంగుతో ముఖం తుడుచుకుని, బొట్టు సరిచేసుకుంది.

ఎత్తారు. ముందు తిరిగే ఫ్యాను, తరువాత తాడు మీద ఆరేసిన లుంగీ, తరువాత గడ్డం పెరిగిన ఒక నలభై ఏళ్ల మనిషి ముఖం. మొండయ్య కాదు. ఆ మనిషి రాజవ్వ బొట్టు చూశాడు, గాజులు చూశాడు. నోరు తెరిచాడు.

"రాజవ్వత్తా..."

బొమ్మ పైకప్పు మీదికి తిరిగి ఆగిపోయింది.

"దేవదాసు. గంభీరావుపేటాయన, మా ఆయన రూములనే ఉంటడు" అంది రాజవ్వ. "మా ఆయన ఫోను గాయన తానెందుకున్నది?"

"దవాఖాన్లకు తీస్కపోనియ్యరు గద చెల్లె. సిగ్నల్ లేదు, కట్టయింది."

అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో ఎహసాన్‌కే తెలిసింది. అలవాటైన నోరు. జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో ఇదొక పద్ధతి; ఎవరూ నేర్పరు, అందరికీ వచ్చు. గల్ఫులో మనిషి పోతే ముందు వాడకట్టుకు తెలుస్తుంది, తరువాత చుట్టాలకు తెలుస్తుంది, పెళ్లానికి అందరికన్నా చివర. మొదట పానం బాగలేదంటారు. తరువాత దవాఖాన. తరువాత సీరియస్. శవపెట్టె విమానం దిగాకే అసలు మాట. పింఛను కాయిదమనో మరొకటనో చెప్పి పెళ్లాం చేత వేలిముద్ర వేయించాలి; కాగితాలు కుదిరి శవం రావడానికి పది రోజులు పట్టొచ్చు, నెల పట్టొచ్చు. కడుపులో దిగబడ్డ ఏడుపును అన్ని రోజులు ఏ మనిషి మోస్తుందని జనం ఆలోచన. అందులో దయ లేదనలేం. పద్దెనిమిదేళ్ల కింద గల్ఫు క్యాంపులో పక్క మంచం మల్లయ్య నిద్రలోనే పోతే, అతని ఫోను పట్టుకుని కూర్చున్నది ఎహసానే. పంతొమ్మిది రోజులు సాయంత్రం సాయంత్రం మల్లయ్య పెళ్లానికి "ఇయ్యాల గంజి తాగిండు, రేపు లేస్తడు" అని చెప్పింది ఎహసానే. తిరిగొచ్చాక ఆమె బజారులో ఎదురైతే పక్క సందులోకి తిరిగిపోయేవాడు.

ఇప్పుడు పక్కనున్న ఆమె మళ్లీ కెమెరా గుర్తు మీదికి వేలు పోనిస్తోంది. ధ్యాస మళ్లించాలి. కోడలు తనకు నేర్పిన వాటిలో తేలికైనది గుర్తొచ్చింది.

"గదుండనియ్యి. ఇటు జూడు, స్టేటస్ అంటరు. మొఖం సుట్టూ పచ్చగీత ఉంటే ఆళ్లు ఏదో బొమ్మ పెట్టినట్టు. తాకితే కనవడ్తది. గిది సరితదేనా?"

తాకింది. సరిత కొత్త చీర కట్టుకుని సాంచాల ముందు నిలబడిన బొమ్మ. రాజవ్వ మొదటిసారి నవ్వింది. "అగో, నాకు జూపలే దొంగముండ. పది రూపాలియ్యమంటే లేవంటది."

అంతలో కండక్టరు కేకేశాడు. "తాతా, సుర్మా తరువాత పెడుదువు గాని, మగోళ్లు జెర చెయ్యియ్యాలె. జాకీ కింద రాయి పెట్టాలె." ఎహసాన్ లేచాడు. జాకీ రెండుసార్లు జారింది. మూడోసారి నిలిచింది. చేతులు గడ్డికి తుడుచుకుని వెనక్కి వచ్చేసరికి ఫోన్లోంచి పెళ్లి బరాత్ పాట గట్టిగా మోగుతోంది. రాజవ్వ దాన్ని దూరంగా పట్టుకుని ఉంది.

"అన్నా, ఆయన పోయిండు. మళ్ల తే."

"ఎవరు?"

"ఆయన బొమ్మ. నరేశ్ దాంట్ల. జూస్తుంటనే జరిగిపోయి ఇంకెవలదో ఈ పాటొచ్చింది."

ఎహసాన్ ఫోను తీసుకున్నాడు. నరేశ్ ముఖం చుట్టూ గీత. పెద్దమ్మ దగ్గర మీటల ఫోనే కదా అన్న ధీమా. ఊరంతటి నోరు కట్టేసి, వేళ్లు కట్టేయడం మరిచారు. తాకాడు. పాస్‌పోర్టుకు దిగిన బొమ్మ, రంగు తీసేసి నలుపు తెలుపు చేశారు. మెడలో బంతిపూల దండ. రెండు వైపులా దీపాలు. కింద మూడు వరుసల అక్షరాలు. ఐదారు క్షణాల్లో మళ్లీ జరిగిపోతుందని వేలు దాని మీదే అదిమిపెట్టాడు.

పాతకాలంలో చావు కబురు కార్డు వస్తే గడప అవతలే చదివి, అక్కడే చింపి పడేసేవాళ్లు. ఇంట్లోకి తేకూడదని. దీన్నేం చేస్తారు.

"ఏం రాసిండ్రు?"

"పుట్టినదినం చెల్లె. దీవెనలు."

"దండేసిండ్రు గదన్నా." రాజవ్వ గొంతు పెరగలేదు. "సదువు రాదు. దండ తెలుస్తది. సదువు."

చదివాడు. ఉర్దూలో చదువుకున్నవాడు, తెలుగు కూడబలుక్కుంటాడు. ఆ కూడబలుక్కోవడంలో ఒక్కో మాట ఒక్కో రాయిలా పడింది. మంగళవారం రాత్రి. గుండెపోటు. వచ్చే బుధవారం భౌతికకాయం రాక.

రాజవ్వ వేళ్ల మీద ఎంచింది. "మంగళారం. బుధారం, బేస్తారం, శుక్రారం, ఇయ్యాల. గాజులు నిన్న కొన్న అన్నా. బేరం గూడ జేసిన." గాజులను ముంజేతి మీద పైకి తోసింది. "దేవదాసు కట్ చేసినప్పుడే నీకు తెలిసింది."

"తెలిసింది."

"సిగ్నల్ లేదన్నవ్."

ఎహసాన్ వేలు ఇంకా తెర మీదే ఉంది.

"నువ్వు దేశాలు తిరిగిన మనిషివి. ఒక్కటి చెప్పు. తెలిసినట్టు పోవాల్నా, తెల్వనట్టు పోవాల్నా ఇంటికి? తెలిసినట్టు పోతే ఇయ్యాల్నే గాజులు పలగ్గొడ్తరు, ఆయన రాకముందే. తెల్వనట్టు పోతే బుధారం దాంక బొట్టు పెట్టుకోని, బువ్వ దిని, కాయిదం మీద ఏలు పెట్టి, ఆళ్లు ఏడుపు మింగుకుంటుంటే ఆళ్ల మొఖాలు జూడాలె. ఏది చెయ్యమంటవ్?"

పంతొమ్మిది రోజులు మాటలు అల్లిన మనిషి, "నాకు తెల్వది చెల్లె" అన్నాడు.

ఆమె ఫోను లాక్కుంది. అతని వేలు తెర మీంచి లేచింది. మొండయ్య జరిగిపోయాడు, బరాత్ పాట మళ్లీ మొదలైంది. ఎలా ఆపాలో ఆమెకు రాదు. ఆపమని అడగలేదు. మోగుతున్నదాన్ని మోగుతున్నట్టే రుమాలులో చుట్టి సంచి అడుగున పెట్టింది.

బస్సు మోత పెట్టింది. జనం ఎక్కుతున్నారు. రాజవ్వ బస్సు వైపు రాలేదు, కోరుట్ల వైపు రోడ్డు అంచున నడవసాగింది.

"ఓ అమ్మా, ఎక్కు. ఆడోళ్లకు బస్సు ఫిరీనే, నడిచేటోళ్లకే జీరో టికెట్ అక్కర్లేదు" అన్నాడు కండక్టరు. ఇద్దరు నవ్వారు.

ఎహసాన్ కిటికీ పక్కన కూర్చున్నాడు. బస్సు ఆమెను అందుకున్నప్పుడు డ్రైవరు నెమ్మదించాడు. కండక్టరు తలుపు తెరిచి పట్టుకున్నాడు. సంచిలోంచి పాట సన్నగా వినిపించింది. "చెల్లె" అని ఎహసాన్ చేయి బయటికి చాపాడు. రాజవ్వ తల తిప్పలేదు. రోడ్డు దిగి, పసుపు చేల నడుమ గట్టు మీదికి మళ్లి, ముత్యంపేట దిక్కు కూడా కాని దిక్కుకు నడుచుకుంటూ పోయింది.