లోపలి చీర

నిన్న బ్రూస్‌పేట బజారులో ఆటో కోసం నిలబడితే, ఎదురుగా దుప్పట్ల కొట్టు ముందు పాత చీరలతో కుట్టిన బొంత ఒకటి వేలాడుతూ కనిపించింది. కొననూ కొనలేదు, అక్కణ్ణించి కదలనూ లేదు. లోపల ఏ గుడ్డ పెట్టారోనని అంచు పట్టుకుని నలుపుతూ ఉంటే కొట్టతను నన్నదోలా చూశాడు. నా ఈడువాళ్లకైతే చెప్పనక్కర్లేదు గానీ, ఆ కుర్రాడికి ఏమని చెప్పేది?

కొత్తగా కాలువ నీళ్లొచ్చాయని కోస్తా నుంచి వచ్చి ఇక్కడ, కన్నడ సరిహద్దున పొలాలు కొన్నవాళ్లలో మా అత్తవారూ ఉన్నారు. పెళ్లయి నేను ఎమ్మిగనూరు వచ్చిన ఏడే మా అమ్మ పోయింది. ఆవిడ కట్టి కట్టి మెత్తబడిన వంకాయరంగు నేతచీర ఒకటి నా పెట్టెలో ఉండేది. దాన్ని బొంతలో పెట్టి కుట్టుకుంటే అమ్మ పక్కన పడుకున్నట్టే ఉంటుందని నా ఆశ. కోతలయ్యాక చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు సిరుగుప్పలో ఒకరింట చేరి పగలంతా బొంతలు కుడతారని విని, మా అత్తగారు నన్నూ వెంటబెట్టుకుని బస్సెక్కారు.

అక్కడంతా అయోమయమే. సగం కన్నడం, సగం తెలుగు. నేను బొంత అంటే వాళ్లు కౌది అంటారు. ఎవరు ఎవరికి ఏమవుతారో ఎంత చెప్పినా బుర్రకెక్కదు. వంటింట్లో కూర్చోబెట్టి ఉగ్గాణి, మిరపకాయ బజ్జీలు పెట్టి, కారానికి నేను బుసలు కొడుతుంటే పడీపడీ నవ్వారు. తిని పంచలోకి వచ్చేసరికి నా మూట లేదు! మావైపు ఎవరి గుడ్డలు వాళ్లే కుట్టుకుంటారు. అక్కడేమో వచ్చినవాళ్ల మూటలన్నీ విప్పి ఒకే కుప్ప పోసి, గట్టివి పైకి, మెత్తనివి లోపలికి వేరుచేస్తారట, సాయంత్రం ఎవరికేది అవసరమైతే అది ఇస్తారట. మెత్తనిది కదా, మా అమ్మ చీర ఎప్పుడో లోపలికి వెళ్లిపోయింది. అప్పటికే మూడు బొంతలు మూసేశారు. ఎందులో వేశారో వేసినవాళ్లకే తెలియదు.

సిగ్గు విడిచి బావురుమన్నాను. మా అత్తగారికి తల కొట్టేసినట్టయింది. ఆ ఇంటి అవ్వ పరుగున వచ్చి, “ఏందమ్మా, ఇంకా కారం తగ్గల్యా?” అంది. సంగతి విన్నాక మాత్రం ఆవిడా చతికిలబడింది. చివరి మూల కుట్టేముందు నాలుగు బియ్యపు గింజలు లోపల వేస్తారు, అలా కడుపు నింపి మూసిన కౌదిని విప్పకూడదు. కాసేపు తల గోక్కుని, “విప్పేది బ్యాడమ్మా. ఒగొగటీ కప్పుకొని పండుకో. యాడ నిద్దర పడ్తాదో, ఆడ మీయమ్మ ఉండాది” అని తేల్చింది.

పట్టపగలు, అంతమంది మధ్య! మొదటిది కప్పుకుంటే నవ్వొచ్చింది. రెండోది కప్పుకున్నాక ఏమైందో నాకు తెలియదు. లేపేసరికి బస్సు వేళయింది, అందరూ మూటలు కట్టుకుంటున్నారు. మూడోది ఎవరో అప్పుడే పట్టుకుపోయారట. రెండోదాన్ని మడిచి అవ్వ నా చంకలో పెట్టింది.

దిగులేసినప్పుడల్లా అమ్మా అనుకుంటూ దాంట్లోనే దూరేదాన్ని. నా పిల్లలందరూ దానికిందే పెరిగారు. చివరికి పీలికలై, ఇక లాభం లేదని విప్పితే లోపల ఎర్రంచు పసుపుచీర! వంకాయరంగు పోగు ఒక్కటీ లేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరి దుప్పటి వాళ్లదే, ఎవరి బీరువా వాళ్లదే. ఒకరు విడిచిన చీర ఇంకొకరు తాకరు. ఆ పసుపుచీర కట్టుకున్న తల్లి ఎవరో గానీ, అన్నేళ్లు నాకు అమ్మ లేని లోటు తెలియనివ్వలేదు. మా అమ్మ ఏ ఊళ్లో, ఎవరి బిడ్డల్ని నిద్రపుచ్చిందో! వాళ్లెవరైనా ఉంటే, ఒక్కసారి చూడాలని ఉంది.